పెద్దయ్యాక సైకిల్ నేర్చుకోవాలంటే ముందు పెడళ్లు విప్పండి

సైకిల్ నేర్పమంటే మామూలుగా ఏం చేస్తారు? సీటు మీద కూర్చోబెట్టి, వెనక పట్టుకుని, "తొక్కు, తొక్కు" అంటారు. తొక్కడానికేముంది, కాళ్లు ఆడించడం ఎవరికైనా వచ్చు. రానిదల్లా సైకిల్ ఒరిగినప్పుడు ఏం చెయ్యాలన్నదే. రెండూ ఒకేసారి మీద పడితే కాళ్లు పెడళ్ల కోసం వెతుక్కుంటాయి, కళ్లు కాళ్లను చూస్తాయి, సైకిల్ గోడ వైపు పోతుంది. అందుకే పెడళ్లు పక్కన పెట్టి ముందు బాలెన్స్ ఒక్కటే నేర్చుకోవాలి.

ఎడమకు ఒరిగితే హ్యాండిల్ ఎడమకే తిప్పాలి. కుడికి ఒరిగితే కుడికి. అలా తిప్పితే చక్రాలు మళ్లీ మీ బరువు కిందికి వచ్చి చేరతాయి, సైకిల్ నిటారుగా లేస్తుంది. భయం మాత్రం పడేవైపు నుంచి హ్యాండిల్‌ను అవతలికి లాగమంటుంది. లాగారా, ఇంకా తొందరగా పడతారు. బాగా తొక్కేవాళ్లు కూడా క్షణక్షణం ఈ సర్దుబాటు చేస్తూనే ఉంటారు, అది కంటికి కనిపించనంత చిన్నది, అంతే. పక్కన చిన్న చక్రాలు బిగించుకుంటే సైకిల్ ఒరగనే ఒరగదు కాబట్టి ఈ సంగతి ఎప్పటికీ ఒంటబట్టదు.

సైకిల్ ఎంపికలో ఒక్కటే పట్టింపు: సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు కాస్త వంగాలి. సీటు అడుగుకు దించినా మునివేళ్లే ఆనుతుంటే నేర్చుకోవడానికి ఆ సైకిల్ పెద్దదన్నమాట. అడ్డబార్ లేని ఫ్రేమైతే ఎక్కడం, దిగడం తేలిక. మరీ చిన్న చక్రాలున్న మడత సైకిల్ వద్దు, దాని హ్యాండిల్ చిన్న కదలికకే చటుక్కున తిరిగిపోతుంది. టైరు పక్కన ఎన్ని పీఎస్ఐ గాలి పట్టాలో అచ్చువేసి ఉంటుంది, అంత పట్టించండి. ఏ లీవర్ ఏ చక్రాన్ని ఆపుతుందో దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి సైకిల్‌ను నడిపించుకుంటూ ఒక్కొక్కటీ నొక్కి చూసుకోండి.

పెడల్ విప్పేచోటే చాలామంది తికమకపడతారు. సాధారణంగా 15 ఎంఎం పానా పడుతుంది. కుడి పెడల్ మామూలు మరే, ఎడమ పెడల్‌ది మాత్రం తిరగమర. ఏది ఎటో గుర్తుపెట్టుకోనక్కర్లేదు: పానా పిడి పైకి ఉండేలా తగిలించి వెనక చక్రం వైపు తిప్పితే రెండూ వదులవుతాయి, ముందు చక్రం వైపు తిప్పితే రెండూ బిగుస్తాయి. చైన్ పళ్లను కప్పేసేలా పెద్ద పళ్లచక్రం మీద ఉండాలి, పానా జారితే పిడికిలి వెళ్లి తగిలేది ఆ పళ్లకే. మళ్లీ బిగించేటప్పుడు పెడల్ ఇరుసు మీద ఎల్, ఆర్ అక్షరాలు చూసి, మరకు కాస్త గ్రీజు రాసి, మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే అది వంకరగా ఎక్కుతోందని అర్థం. పానాతో బలవంతం చేస్తే క్రాంక్, అంటే పెడల్ బిగించే కడ్డీ, దాని మర అరిగిపోతుంది.

పడినా దెబ్బ తగలదని కొందరు గడ్డి నేల ఎంచుకుంటారు. గడ్డిలో చక్రం దొర్లదు, వేగం అందదు, వేగం లేనిదే బాలెన్స్ నిలవదు. బండ్లు తిరగని, నున్నటి తారు నేలో సిమెంటు నేలో కావాలి. కనీకనపడనంత వాలు ఉంటే మరీ మంచిది. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. బూటు లేసులు లోపలికి దోపి, చైన్ వైపు పాంటు కాలు పైకి మడవండి.

మొదటి పది నిమిషాలు సీటు మీద కూర్చునే నడవండి. బరువంతా సీటు మీదే ఉండాలి, కాళ్ల మీద కాదు. ఆపాలనుకున్న ప్రతిసారీ బ్రేకు నొక్కే ఆపండి. కాళ్లతో ఆపడం అలవాటైతే పెడళ్లు వచ్చాక పిక్కలకు దెబ్బలు తప్పవు. తర్వాత అంగలు పెంచండి. ఆపైన రెండు కాళ్లతో నేలను తన్ని, పాదాలు నాలుగు వేళ్ల ఎత్తు లేపి, పోయినంత దూరం పోనివ్వండి. మొదట ఒక్క సెకను కూడా నిలవకపోవచ్చు. తర్వాత మూడు, ఐదు, పది వరకు లెక్కపెట్టగలుగుతారు. చూపు పది మీటర్ల అవతల ఉండాలి. రాయిని చూస్తే రాయి మీదికే పోతారు. వేలి కణుపులు తెల్లబడుతున్నాయంటే పట్టు బిగుసుకుందన్నమాట, అలా బిగిస్తే హ్యాండిల్ తనంతట తాను సర్దుకోలేదు. పక్కన ఎవరైనా ఉంటే మీ భుజం మీదో వీపు మీదో చెయ్యి వెయ్యమనండి, హ్యాండిల్ మాత్రం ముట్టుకోనివ్వకండి.

ఇరవై మీటర్లు కాలు దించకుండా పోగలిగి, అటూ ఇటూ ఒంపు తిరిగి, అనుకున్న గీత దగ్గర ఆపగలిగితే పెడళ్లు బిగించవచ్చు. దీనికి కొందరికి ఒక్క పూట చాలు, కొందరికి నాలుగైదు పూటలు పడుతుంది. రోజుకు అరగంట, ముప్పావుగంట మించొద్దు. చేతులు అలిసిపోతే వచ్చినది కూడా రానట్టే ఉంటుంది.

సీటు ఇంకా కిందే ఉంచండి. గేర్లుంటే మధ్యది వెయ్యండి. మరీ తేలిక గేరులో కాళ్లు గిర్రున తిరుగుతాయి గానీ సైకిల్ కదలదు. బ్రేకులు పట్టుకుని, కుడి పెడల్‌ను ముందుకు, పైకి తెచ్చుకోండి. కుడిపక్క నుంచి చూస్తే గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటన్నమాట. బ్రేకు వదిలి, ఆ పెడల్‌ను గట్టిగా కిందికి తొక్కుతూనే ఎడమ కాలితో నేలను తన్నండి. ఎడమ పెడల్ దొరకలేదని కిందికి చూడొద్దు. దొరక్కపోతే కాలు అలా గాల్లోనే ఉంచి పోనివ్వండి, ఇన్నాళ్లూ చేసింది అదేగా. పాదం ఆనాక వెంటనే మరో రెండు మూడు చుట్లు తొక్కాలి. చాలామంది ఒక చుట్టు తొక్కి, "వచ్చేసింది" అనుకుని ఆపేస్తారు. అక్కడే సైకిల్ తూలుతుంది. తూలినప్పుడు మందు ఇంకాస్త తొక్కడమే. నడక కంటే నెమ్మదిగా పోతే ఎవరి సైకిలైనా వంకర్లు పోతుంది.

ఆపేటప్పుడు తొక్కడం మాని, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగించి, దాదాపు ఆగాకే కాలు దించండి. ముందు బ్రేకు ఒక్కటే గభాల్న పట్టేస్తే వెనక చక్రం లేవగలదు. మలుపులో లోపలివైపు పెడల్ పైకి ఉండాలి, లేదంటే నేలకు రాసుకుంటుంది.

నాలుగు రోజులు తొక్కాక సీటును రెండేసి సెంటీమీటర్లు లేపుతూ పోండి. అడుగున ఉన్న పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు సరిగ్గా చాపినట్టయ్యే ఎత్తు చాలు. సీటు రాడ్ మీద ఉండే హద్దు గీత బయటికి కనిపించకూడదు. కింది సీటుతోనే రోజూ దూరాలు తొక్కితే మోకాళ్లు నొప్పి పుడతాయి. ఈ ఎత్తులో పాదాలు నేలకు ఆనవు కాబట్టి ఆపేటప్పుడు సీటు ముందుకు జారి నిలబడటం అలవాటు చేసుకోవాలి.

రోడ్డెక్కే ముందు ఒక పరీక్ష. నేల మీద గీత ఎంచుకుని, దాని వెంట పోతూ భుజం మీదుగా వెనక్కి చూడండి. తల ఎటు తిరిగితే హ్యాండిల్ అటే పోతుంది, మొదట్లో అందరికీ అంతే. రెండు సెకన్లు వెనక్కి చూసినా గీత తప్పకపోతే, ఒక చెయ్యి చాచి తొక్కినా తూలకపోతే, బండ్లు పెద్దగా లేని వేళ చూసుకుని రోడ్డు మీదికి తీసుకెళ్లండి.