రేడియేషన్ మోతాదు రేటును ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి మార్చడం ఎలా?

కావలసినవి: కాగితం, పెన్సిలు, మామూలు క్యాలిక్యులేటర్. ప్రమాణాలు మార్చిపెట్టే యాప్‌ల జోలికి వెళ్లకండి. మీరు తప్పు ప్రమాణం ఎంచుకున్నా అవి అంతే ధీమాగా ఒక అంకె చూపిస్తాయి. కాగితం మీద చేసిన లెక్కలో ఏ వరుసలో తప్పిందో పక్కన కూర్చున్నవారు కూడా వేలు పెట్టి చూపగలరు.

శోషిత మోతాదు అంటే కిలో పదార్థంలో రేడియేషన్ ఎంత శక్తి వదిలిందన్న లెక్క. కిలోకు ఒక జౌలు చేరితే ఒక గ్రే. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరుతో 1975లో ఈ ప్రమాణాన్ని అంగీకరించారు. అంతకుముందు నుంచీ ఉన్నది ర్యాడ్. 100 ర్యాడ్‌లు ఒక గ్రే, కాబట్టి ఒక సెంటీగ్రే సరిగ్గా ఒక ర్యాడ్. ఈ శక్తి ఎంత వేగంగా చేరుతోందో చెప్పేదే మోతాదు రేటు.

1. మీటరు చదవండి. పాత ముల్లు మీటర్లలో రేంజి గుండీ ఎక్కడుందో ముందు చూడాలి. ముల్లు 2.5 మీద, గుండీ పది రెట్ల గుర్తు మీద ఉంటే రీడింగు గంటకు 25 మిల్లీర్యాడ్‌లు. అంకె పక్కనే ప్రమాణం కూడా రాయండి. ప్రమాణం లేని అంకెను నేను లెక్కలోకే తీసుకోను.

2. ర్యాడ్‌ను గ్రేలోకి మార్చండి. ఒక మిల్లీర్యాడ్ 10 మైక్రోగ్రేలు. కాబట్టి మన 25 మిల్లీర్యాడ్‌లు గంటకు 250 మైక్రోగ్రేలయ్యాయి. ఎటు వెళ్లాలన్నా ముందు గంటకు మైక్రోగ్రేల దగ్గరికి రావాలి, అక్కడి నుంచే బయల్దేరాలి. ఒకేసారి దూకేవాళ్లే దశాంశ బిందువును పోగొట్టుకుంటారు.

3. ఉపసర్గ చూసుకోండి. గ్రేకు వెయ్యో వంతు మిల్లీ, దానికి వెయ్యో వంతు మైక్రో, దానికి వెయ్యో వంతు నానో. ఇంగ్లీషు చిన్న ‘ఎం’ మిల్లీ, పెద్ద ‘ఎం’ మెగా. ఈ రెండింటికీ తేడా వంద కోట్ల రెట్లు. చేతిరాతలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక ఉపసర్గను పూర్తిగా రాయడమే పద్ధతి.

4. కాలం మార్చండి. అందరూ పడేది ఇక్కడే, అందుకే ఇక్కడ తొందరపడొద్దు.

గంటకు 3,600 సెకన్లన్నది అందరికీ తెలుసు. గంటలను సెకన్లు చేయాలంటే 3,600తో గుణించాలని బడిలోనే నేర్చుకున్నాం. అదే చేయి రేటు దగ్గరా గుణకారం వైపే వెళ్తుంది. కానీ ఇక్కడ కాలం హారంలో ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు నిమిషానికి ఒక్క కిలోమీటరే కదా వెళ్లేది! రేటును చిన్న కాలంలోకి మారిస్తే భాగించాలి, పెద్ద కాలంలోకి మారిస్తే గుణించాలి.

మన లెక్కలో 250ని 3,600తో భాగిస్తే సెకనుకు 0.0694 మైక్రోగ్రేలు, అంటే సుమారు 69 నానోగ్రేలు. అదే పొరపాటున గుణించారనుకోండి, సెకనుకు 9,00,000 మైక్రోగ్రేలు, అంటే 0.9 గ్రే వస్తుంది. అది నిజమైతే అక్కడ ఐదు సెకన్లు నిలబడిన మనిషికి 4.5 గ్రేలు అందుతాయి. ఒంటి మొత్తానికీ ఒక్కసారిగా సుమారు 4 గ్రేలు తగిలి, చికిత్స అందకపోతే సగం మంది బతకరు. మీటరు పట్టుకుని నింపాదిగా రీడింగు రాసుకున్న చోట ఆ అంకె పొసగుతుందా? జవాబు రాగానే దాన్ని మనిషి ఒంటికి అన్వయించి చూసే ఈ పరీక్ష ఎన్ని పట్టికలకైనా మేలు.

పెద్ద కాలం వైపు కూడా ఒకటి చేసి చూడండి. క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్ యంత్రం నిమిషానికి 1.2 గ్రే ఇస్తోందనుకుంటే, 60తో గుణిస్తే గంటకు 72 గ్రేలు. సెకనుకు కావాలంటే 60తో భాగించండి, 0.02 గ్రే, అంటే 2 సెంటీగ్రేలు.

సంవత్సరానికి మార్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఏడాదికి 8,760 గంటలు. గంటకు 250 మైక్రోగ్రేలంటే ఏడాదికి 2,190 మిల్లీగ్రేలు. కానీ ఏడాదంతా రాత్రింబవళ్లు అక్కడే కూర్చునేదెవరు? ఉద్యోగి విషయమైతే 2,000 పని గంటలతో గుణిస్తారు, అప్పుడు 500 మిల్లీగ్రేలే. రెండూ సరైన లెక్కలే. ఏ గంటలు తీసుకున్నారో రాయకపోతే మాత్రం రెండూ పనికిరావు.

ఇక ప్రమాణాల మార్పిడి కాని రెండు పనులను కొందరు ఇందులోనే కలిపేస్తారు. కొన్ని పాత మీటర్ల మీద ఉండేది ర్యాడ్ కాదు, రాంట్‌జన్. గామా, ఎక్స్ కిరణాలు గాలిలో ఎంత విద్యుదావేశం పుట్టించాయో అది చెబుతుంది. ఒక రాంట్‌జన్‌కు గాలిలో 8.76 మిల్లీగ్రేలు, కణజాలంలో ఈ అంకె కొంచెం మారుతుంది. ఏడాది గంటల్లోనూ ఇవే అంకెలు రావడం కేవలం కాకతాళీయం, ఒకదాని చోట మరొకటి వేయకండి.

రెండోది సీవర్ట్, అంటే రేడియేషన్ ఒంటికి చేసే హానిని బట్టి కట్టిన మోతాదుకు ప్రమాణం. గామా కిరణాలకు ఒక గ్రేను ఒక సీవర్ట్‌గా తీసుకోవచ్చు. ఆల్ఫా కణాలకు మాత్రం 20తో గుణించాలి. అంటే ఏ రేడియేషనో తెలియకుండా గ్రే నుంచి సీవర్ట్‌కు వెళ్లడానికి వీల్లేదు. ఆ వివరం లేని కాగితం మీద గ్రే దగ్గరే ఆగిపోండి.