సేజ్ నూనె బూజును ఆపుతుందా? ఎండు కొబ్బరిపై ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

ముసురు పట్టిన శ్రావణ మాసంలో కోనసీమ ఇళ్లలో ఎండు కొబ్బరి చిప్పలకు లోపలి వైపున బూజు పట్టడం ఏటా చూసేదే. సూక్ష్మజీవులను అణచగలదని పేరున్న సేజ్ సుగంధ తైలం శక్తిని కళ్లారా చూడడానికి, డెల్టాలో ఇంతకన్నా అనువైన పదార్థం దొరకదు. పరీక్ష తేలికే, కాని సీసాలో ఉన్న నూనె ఏదో తెలుసుకోకుండా మొదలుపెడితే వచ్చిన ఫలితానికి అర్థం ఉండదు.

సేజ్ మన తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన మధ్యధరా ప్రాంతపు మొక్క. ఆకులను ఆవిరితో స్వేదనం చేసి నూనె తీస్తారు. సీసాపై సాల్వియా అఫిసినాలిస్ అనే శాస్త్రీయ నామం ఉండాలి. సాల్వియా స్క్లేరియా అని ఉంటే అది క్లేరీ సేజ్. అందులో ప్రధానంగా ఉండేది లినాలిల్ ఎసిటేట్ కనుక ఈ పరీక్షకు పనికిరాదు. మనకు కావలసిన నూనెలో ముఖ్యమైనవి థూజోన్, కర్పూరం, సినియోల్. థూజోన్, కర్పూరం రెండింటి అణువుల్లోనూ 10 కార్బన్, 16 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. వాటి అమరిక మాత్రమే వేరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డాల్మేషియన్ సేజ్ (సాల్వియా అఫిసినాలిస్‌కే మరో పేరు) నూనెలో ఆల్ఫా థూజోన్ 18 నుంచి 43 శాతం వరకు, కర్పూరం 4.5 నుంచి 24.5 శాతం వరకు ఉండవచ్చు. పరిధి ఇంత విశాలంగా ఉన్నందువల్ల ఒక సీసాతో వచ్చిన ఫలితాన్ని మరో సీసాకు అంటగట్టకూడదు.

ముందుగా ఒక చుక్కను తెల్ల కాగితంపై వేసి మర్నాటి వరకు వదిలేయాలి. స్వచ్ఛమైన సుగంధ తైలం దాదాపు పూర్తిగా ఆవిరైపోతుంది. పకోడీల పొట్లం కాగితంలా జిడ్డు మరక నిలిచిపోతే అందులో వంటనూనె వంటిదేదో కలిపారని అనుమానించాలి.

ఆ తర్వాత ఒకే పరిమాణం గల, బిగుతు మూతలున్న ఎనిమిది గాజు సీసాలను వేడినీటితో కడిగి ఆరబెట్టాలి. ఒకే కొబ్బరి చిప్ప నుంచి ఎనిమిది సమానమైన ముక్కలు కోసి, కాచి చల్లార్చిన నీటిలో ఒక్కసారి ముంచి, పళ్లెంలో పరచి కొన్ని గంటలు గాలికి వదిలేస్తే బూజు బీజాలు వాటంతటవే వచ్చి వాలుతాయి. సీసాకొక ముక్క వేసి, మూతల లోపలి వైపున దూది అంటించాలి. రెండు సీసాల్లో దూదిని ఉత్తదిగా వదిలేయాలి, రెండింటిలో ఒక చుక్క కొబ్బరి నూనె, రెండింటిలో ఒక చుక్క సేజ్ నూనె వేయాలి, మిగిలిన రెండింటిలో దూదిలో చిన్న కర్పూరం పలుకు పొదగాలి. కొబ్బరి నూనె సీసాలు తప్పనిసరి, ఎందుకంటే ఏ నూనె అయినా ఇదే ఫలితం ఇస్తుందా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పేవి అవే. కర్పూరం సీసాలు సేజ్ నూనెలోని ఒక భాగం ఒంటరిగా ఏం చేయగలదో చూపిస్తాయి. నూనె ముక్కను తాకకూడదు, పనిచేయవలసింది ఆవిరి మాత్రమే.

సీసాలను నీడలో ఉంచి, మూత తీయకుండా రోజూ ఒకే వేళకు చూసి రాసుకోవాలి. మొదట ముక్క అంచున తెల్లని నూగు కనిపిస్తుంది, తర్వాత అదే ఆకుపచ్చని లేదా నల్లని పొడిగా మారుతుంది. ఏ సీసాలో ఏ రోజున నూగు మొదలైందన్నదే అసలు లెక్క.

సేజ్ సీసాల్లో బూజు ఆలస్యమైతే దానికి కారణం ఉంది. కొవ్వులో కరిగే ఈ అణువులు సూక్ష్మజీవి కణపొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తాయి, లోపలి పదార్థాలు బయటికి కారిపోతాయి. స్టెఫిలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా దీనికి త్వరగా లొంగుతాయి. అదనంగా ఒక బయటి పొర ఉన్న సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియా గట్టిగా తట్టుకుంటాయి. అందుచేత బూజుపై గెలిచిన నూనె అన్ని సూక్ష్మజీవులనూ గెలుస్తుందని చెప్పడం సరికాదు.

వారం తర్వాత కూడా శుభ్రంగా ఉన్న ముక్కను మరో ఖాళీ సీసాలోకి మార్చి గమనించాలి. అప్పుడు బూజు వస్తే నూనె బీజాలను చంపలేదని, ఎదగకుండా ఆపిందని తేలుతుంది. నా దృష్టిలో ఈ పరీక్షలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

ఈ ఫలితం చూసి అటకమీది కురిడీలపై నూనె చల్లవద్దు. కొబ్బరిని తేమ 6 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టడమే బూజుకు సరైన అడ్డు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడిచే అఫ్లటాక్సిన్ విషం, బూజు చచ్చినా పోదు. థూజోన్ నాడీ వ్యవస్థను రేపి మూర్ఛ తెప్పించగలదు. కాబట్టి ఈ నూనెను తాగకూడదు, నేరుగా చర్మానికి పూయకూడదు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ ఉన్నవారు, పిల్లలు దీనికి దూరంగా ఉండాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పరీక్షే చేయవద్దు.

పరీక్ష ముగిశాక చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, ఆరుబయట బ్లీచింగ్ పొడి కలిపిన బకెట్ నీటిలో సీసాలను ముంచి, మూతలను నీటిలోపలే తీయాలి. అలా చేస్తే బూజు బీజాలు గాలిలోకి లేవవు. ఒక గంట ఆగి ముక్కలను మట్టిలో పాతిపెట్టాలి, పశువులకు మాత్రం వేయకూడదు.