మీ ఇంటి తీరుకు నప్పే కిటికీ హ్యాండిళ్లు, గడియలు ఎలా ఎంచుకోవాలి?

కొత్త ఇల్లయినా, పాత ఇంటికి మెరుగులు దిద్దుతున్నా, కిటికీ సామాను సంగతి చాలామందికి చివర్లోనే గుర్తొస్తుంది. రంగులు, టైల్స్, కర్టెన్లు నెలల తరబడి చూసి చూసి ఎంచుకుంటాం, హ్యాండిళ్లు మాత్రం కార్పెంటర్ "రేపటికి కావాలి" అన్నాక హడావుడిగా వెళ్లి కంటికి నచ్చింది తెచ్చేస్తాం. నేనూ ఒకసారి అదే పని చేశాను. బాగా ముందుకు వచ్చిన ఇత్తడి హ్యాండిళ్లు, చూడ్డానికి ఎంతో బాగున్నాయి, బిగించాక చూస్తే బ్లైండ్ కిందికి దిగే దారికి అడ్డం. అన్నీ తీయించి మార్చాల్సి వచ్చింది. అందుకే ముందు కిటికీ పనితీరు, ఆ తర్వాతే అందం అంటాను.

ముందు కిటికీ ఎలా తెరుచుకుంటుందో రాసుకోండి

కాగితం తీసుకుని గది గదికీ తిరగండి. ఏ కిటికీ రెక్క లోపలికి వస్తుంది, ఏది బయటికి వెళ్తుంది, ఏది పక్కకు జరుగుతుంది అని రాసుకుంటే సగం పని అయిపోయినట్టే. రెక్కల కిటికీకి మడతబందులు, గడియ లేదా హ్యాండిల్, తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా కొక్కెమో స్టేనో కావాలి. స్లైడింగ్ కిటికీకి అడుగున రోలర్లు, అంచులో ఒదిగిపోయే హ్యాండిల్, నెలవంక ఆకారపు లాక్ ఉంటే సరిపోతుంది.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం కిటికీల్లో చాలావాటికి హ్యాండిల్ తిప్పితే ఫ్రేమ్ లోపల ఉన్న లాక్ మొత్తం కదులుతుంది. హ్యాండిల్ వెనక ఉండే చదరపు కడ్డీయే ఆ పని చేస్తుంది. ఈ కడ్డీ మందం చాలా మోడళ్లలో 7 మి.మీ., రెండు స్క్రూల మధ్య దూరం 43 మి.మీ. ఉంటుంది, కానీ అన్నిటికీ అదే అనుకోకుండా పాతది విప్పి కొలవండి, కడ్డీ పొడవు కూడా. వంపు తిరిగిన హ్యాండిళ్లలో ఎడమవి, కుడివి వేరుగా ఉంటాయి కాబట్టి గదిలోపల నిలబడి చూసి రాసుకోండి. తెరిచిన రెక్కను రాపిడితో ఆపి నిలబెట్టే ఫ్రిక్షన్ స్టే కొంటుంటే రెక్క బరువు కూడా చెప్పాలి, బరువుకు చాలనిది వేస్తే కొన్నాళ్లకు రెక్క వాలిపోతుంది.

ఇప్పుడు ఇంట్లో ఉన్నవాటిని చూడండి

ఏ స్టైల్ కావాలో ఫొటోల్లో వెతకడం కన్నా మీ తలుపుల హ్యాండిళ్లు, కుళాయిలు, లైట్లు, కుర్చీ కాళ్లు చూస్తే ఎక్కువ తెలుస్తుంది. గీత గీసినట్టుండే సాదా ఫర్నిచర్ ఉన్న ఇంటికి తిన్నని సన్నటి హ్యాండిల్, స్క్రూలు పైకి కనిపించని ప్లేటు, బ్రష్డ్ స్టీలు లేదా మ్యాట్ నలుపు నప్పుతాయి. 1920లలో జర్మనీలో ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ రూపొందించిన హ్యాండిల్ ఇప్పటికీ ఇలాంటి ఇళ్లలో ఒదిగిపోతుంది. చదరపు కడ్డీకి గుండ్రటి పిడి, అంతే, ఇంకే అలంకారమూ లేదు. ముదురు కలప, చెక్కిన అంచులు ఉన్న ఇంటికి ఇత్తడి గడియలు, చివర చుట్టలా తిరిగిన హ్యాండిళ్లు అందం. ఇటుక గోడలు, ఇనుప ఫ్రేములు బయటికే కనిపించే గదికి నల్లటి ఇనుప సామాను చాలు, మెరుపు వద్దు.

ఒక గదిలో రెండు లోహాల రంగులు కలిస్తే బాగానే ఉంటుంది, ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా ఉండాలి. మూడోది వస్తే చూపు ఎక్కడా నిలవదు. నాకు అన్నిటికన్నా చికాకు అనిపించేది దగ్గర దగ్గరగా ఉండి కలవని రంగులు, ఉదాహరణకు రెండు కంపెనీల యాంటిక్ ఇత్తడి పక్కపక్కనే పెడితే ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా కొడుతుంది. ఒకే సిరీస్‌లో కొనండి, లేదంటే పూర్తిగా వేరే రంగుకు వెళ్లండి. మడతబందులు ఫ్రేమ్ రంగులో కలిసిపోతే హ్యాండిల్ ఒక్కటే కంటికి ఆనుతుంది.

పైపూత వేరు, లోపలి లోహం వేరు

ఇత్తడి రంగు ఉన్నదంతా ఇత్తడి కాదు. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటుకోనంత మాత్రాన ఇత్తడి అని కాదు, జింక్ మిశ్రమానికి కూడా అయస్కాంతం అంటుకోదు. వెనక్కి తిప్పి స్క్రూ రంధ్రాల లోపలి రంగు చూడండి, అక్కడ బూడిద రంగు కనిపిస్తే పైన ఉన్నది పూత. పూత ఉన్న సామాను తప్పేమీ కాదు, తెలిసి కొనాలి, అంతే. అసలు ఇత్తడిలో కూడా లాకర్ అనే పారదర్శక పూత పూసినది మెరుపు నిలుపుకుంటుంది, పూయనిది చేతి స్పర్శకు, గాలికి మెల్లగా ముదురుతుంది. పాతబడిన ఆ రంగు ఇష్టమైతేనే లాకర్ లేనిది తీసుకోండి.

సముద్రానికి దగ్గర్లో ఉంటే స్టైల్ కన్నా ముందు గ్రేడ్ అడగాలి. 304 స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు చోట్ల చాలు, ఉప్పుగాలికి 316 మేలు, ఎందుకంటే అందులో కలిపే మాలిబ్డినం ఉప్పు వల్ల పడే గుంతల తుప్పును తట్టుకుంటుంది. అల్యూమినియం ఫ్రేములోకి ఇత్తడి స్క్రూలు దించొద్దు, తేమ తగిలితే వాటి చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

ఒక్కటి తెచ్చి చేతితో చూడండి

అన్నీ ఒకేసారి కొనకండి. ఒక్క హ్యాండిల్ తెచ్చి కిటికీకి ఆనించి పట్టుకుని, కర్టెన్ లాగి, బ్లైండ్ దించి, దోమల మెష్ మూసి చూడండి. పిడిలో నాలుగు వేళ్లు పట్టాలి. వయసు పైబడినవాళ్లకు గుండ్రటి నాబ్ తిప్పడం కష్టం, పొడవాటి హ్యాండిల్ సులువు. చిన్నపిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా పై అంతస్తుల్లో, రెక్క 10 సెం.మీ. దాటి తెరుచుకోకుండా ఆపే రెస్ట్రిక్టర్ తప్పకుండా పెట్టించండి, నిప్పు అంటుకున్నప్పుడు పెద్దవాళ్లు వెంటనే విడిపించగలిగేలా ఉండాలి. తాళం ఉన్న హ్యాండిలైతే తాళంచెవి పిల్లలకు అందనంత ఎత్తులో, కానీ ఆ గదిలోనే ఉండాలి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

లెక్కకు ఒకటి రెండు ఎక్కువ తీసుకోండి, ఆ మోడల్ తర్వాత దొరక్కపోవచ్చు. స్క్రూలు కూడా అదే రంగులో అడిగి తెచ్చుకోండి, ఇత్తడి ప్లేటు మీద తెల్లటి స్క్రూ దూరం నుంచే కనిపిస్తుంది. ఇత్తడి స్క్రూ మెత్తన, గట్టి కలపలోకి నేరుగా తిప్పితే తల విరిగి మొండెం లోపలే ఉండిపోతుంది. ముందు సన్నగా రంధ్రం వేయించి, అదే సైజు స్టీలు స్క్రూ ఒకసారి దించి తీసేసి, ఆ దారిలోకి కొంచెం మైనం రాసిన ఇత్తడి స్క్రూ ఎక్కించమని చెప్పండి.