హాస్టళ్ళలో పని చేస్తా ఊర్లు తిరగాలనుకునే కడప పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

దసరా దాటితే గోవాలో సీజన్ మొదలు. బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్ళలో (తక్కువ ఖర్చుతో తిరిగేవాళ్ళు మంచం అద్దెకు తీసుకుని దిగే చోట్లు) పని చేసిపెట్టి, మంచం ఉచితంగా తీసుకుని, నెలల తరబడి తిరగాలని చూసే పిల్లలు మన జిల్లాలోనూ ఉన్నారు. పోండి, మంచిదే. జీతం లేని పనికి లెక్కలెందుకులే అని మాత్రం అనుకోవద్దు.

మామూలుగా అడిగేది రోజుకు నాలుగైదు గంటలు, వారానికి ఐదు రోజులు. బదులుగా మంచం, మహా అయితే పొద్దున టిఫిను. రిసెప్షనా, దుప్పట్లు మార్చడమా, రాత్రి కాపలానా, సెలవెప్పుడు, తిండి ఎన్ని పూటలు అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట సీజన్ రద్దీలో ఎవరికీ గుర్తుండదు. చేరకముందే ఫీజనో డిపాజిట్టనో డబ్బు పంపమంటే ఆ చోటు వదిలేయండి. మీరు చెనిక్కాయల పొడి డబ్బా ఒకటి పెట్టుకోండి, నెలాఖరుకు దాని విలువ తెలుస్తుంది.

పాస్‌పోర్టు, ఆధార్ ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వద్దు. జిరాక్సు చాలు. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని) దగ్గర చిక్కుకుంటే ఎట్లుంటుందో కువైట్‌కు పోయొచ్చిన మీ చిన్నాయననో పిన్నినో అడగండి. విదేశాల్లో అయితే ఇంకో మెలిక ఉంది: టూరిస్టు వీసా మీద పోయి మంచం కోసం పని చేసినా చాలా దేశాల్లో అది పని కిందికే వస్తుంది. పట్టుబడితే జరిమానా వేసి వెనక్కి పంపిస్తారు.

అసలు ఇరుక్కునేది రిసెప్షన్ బల్ల దగ్గర. షిఫ్టు తీసుకునేటప్పుడు గల్లాలో డబ్బు లెక్కపెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. "ప్రస్తుతానికి నీ ఫోన్‌పేకే వేయించుకో" అని ఓనరు అంటే ఒప్పుకోవద్దు. వచ్చిన డబ్బు ఏదో సైబర్ మోసంలోదని తేలితే ఫ్రీజయ్యేది మీ ఖాతానే. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్లో అధికారులకు పంపాలి, ఫారం సి అని పిలుస్తూ వచ్చింది దీన్నే. అది ఎవరి పనో మొదటి రోజే అడగండి. దిగినవాళ్ళ సంచులూ పొట్లాలూ మీ మంచం కింద దాచనివ్వద్దు, వాటిలో గంజాయి లాంటిది ఉంటే ఇరుక్కునేది మీరే. హిమాచల్‌లోని కసోల్ వైపు అయితే మరీను.

చలికాలంలో మనాలి పోయేవాళ్ళు స్వెట్టర్ల మీద పెట్టే శ్రద్ధ గాలి మీద పెట్టరు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ముందు కుంపటి బయట పెట్టాల్సిందే. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం.

పరుపు అంచుల కుట్ల మీద ఫోన్ లైటు వేసి చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే, బ్యాగు కింద పెట్టకుండా వేరే మంచం అడగండి. ఆడపిల్లలైతే ముందు అక్కడ పనిచేసిన అమ్మాయి ఒకరితోనైనా మాట్లాడకుండా టికెట్టు కొనద్దు.

తిరుగు ప్రయాణం ఖర్చు వేరే ఖాతాలో పడేసి మరిచిపోండి. మొదటిసారే హిమాలయాలకు పరిగెత్తకుండా హంపిలో ఒక వారం చేసి చూడండి. గుంతకల్లులో మారితే హంపి పక్కనున్న హోస్పేటకు రైలుంది, కుదరకపోతే ఒక్క రోజులో ఇల్లు చేరొచ్చు.