పక్షవాతం వచ్చినవాళ్లకు అన్నం తినిపించడం ఎలా?

నోటితో తినిపించొచ్చని డాక్టరో, మాటనీ మింగడాన్నీ సరిచేసే స్పీచ్ థెరపిస్టో చెప్పి ఇంటికి పంపినవాళ్ల కోసమే ఇది. ముక్కు గొట్టంతో ఉన్నవాళ్లకు ఇది చదివి సొంతంగా మొదలుపెట్టకండి. ఇక మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిన ఆ మొదటి గంటల్లో అయితే నోట్లో నీళ్ల చుక్క కూడా పోయకూడదు, 108కి ఫోన్ చేయడమే. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న టైమ్ నాలుగున్నర గంటలు, అందులో కాఫీ తాగించి చూద్దామనీ పావురం రక్తం రాద్దామనీ పొద్దు పుచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

కావాల్సినవి: చిన్న స్టీలు స్పూను, గిన్నె, తువ్వాలు, టార్చి. ప్లాస్టిక్ స్పూను వద్దు, కొరికితే విరుగుతుంది. చేత్తో ముద్దలు కలిపి పెట్టడం కూడా వద్దు. ప్రేమ కాదనను కానీ, ముద్ద సైజు మన చేతికి తెలియదు, స్పూనుకి తెలుస్తుంది.

కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి, పాదాలు నేలకు ఆనాలి, పడిపోయిన వైపు దిండు పెట్టండి. టీవీ కట్టేయండి. మీరూ ఎదురుగా కూర్చోవాలి. నిలబడి పెడితే వాళ్లు తల పైకెత్తుతారు, ఎత్తితే తిండి ఊపిరితిత్తుల దారి పట్టడం తేలిక.

తిండి ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలన్నది థెరపిస్టు చెప్పినట్టే. అయితే తేలిగ్గా అరుగుతుందని అందరూ చారన్నం పెడతారు చూడండి, అది మానేయండి. నీళ్లూ మెతుకులూ వేర్వేరుగా కదులుతాయి, మెతుకు నమిలేలోపు చారు గొంతులోకి జారిపోతుంది. పల్చటి మజ్జిగన్నమూ అంతే. ముద్దపప్పన్నం నెయ్యి వేసి మెత్తగా మెదిపింది, గట్టి పెరుగన్నం మిక్సీలో తిప్పింది మేలు. చూడ్డానికొచ్చే చుట్టాలు కొబ్బరి బొండాలు తెచ్చి స్ట్రా పెట్టి తాగించబోతారు, మొహమాటం లేకుండా వద్దనండి.

ఇప్పుడు అసలు సంగతి, మింగడం. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది, ఇంటికొచ్చాక కూడా కొందరికి అది పోదు. అర స్పూను తీసుకుని బాగున్న వైపు బుగ్గలో పెట్టండి. పెదాలు మూశాక స్పూను తిన్నగా బయటికి లాగాలి, పైపళ్లకు గీకుతూ పైకి లాగితే తల వెనక్కి పోతుంది. తర్వాత ఆగండి. గొంతు ముందున్న బుడిపె పైకి లేచి కిందికి దిగాలి, కనబడకపోతే రెండు వేళ్లు తేలిగ్గా ఆనించి చూడండి. అది దిగేదాకా రెండో స్పూను ఎత్తకూడదు. నోరు ఖాళీ అయినట్టుంది కదా అని పెట్టేస్తారు, ఖాళీ అవ్వదు, మొద్దుబారిన వైపు బుగ్గలో మెతుకులు దాక్కుంటాయి, వాళ్లకే తెలియదు. టార్చి అందుకే.

మధ్య మధ్య "ఆ" అనిపించండి. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు గురగురమంటే ఆపి, గొంతు సవరించుకుని మళ్లీ మింగమనండి. మామూలుగా ఎవరికైనా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తట్టి నీళ్లు తాగిస్తాం కదా, ఇక్కడ ఆ నీళ్లే ప్రమాదం. ముందుకు వంచి దగ్గనివ్వండి. మాట రాక, ఊపిరాడక, దగ్గలేకపోతే మాత్రం అది వేరే సంగతి, వీపు మీద గట్టిగా చరుస్తూ 108కి ఫోన్ చేయించండి. ఇంతకన్నా మోసం చేసేది ఇంకోటుంది: కొందరికి తిండి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గే రాదు. దగ్గలేదు కాబట్టి బాగానే తింటున్నారు అనుకుంటూ ఉంటాం, నాలుగు రోజులకు జ్వరం, ఆయాసం, న్యుమోనియా. తింటుంటే కళ్లల్లో నీళ్లు తిరగడం, ఊపిరి వేగం పెరగడం, గొంతు తడిగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటకు ఆపేసి డాక్టరుకు చెప్పండి. గడ్డం ఛాతీకి ఆనించి మింగించడం అందరికీ పనికొచ్చేది కాదు, యూట్యూబ్ చూసి చేయించకండి.

మాత్రలు పొడి చేసి కలిపేముందు అడగాలి, కొన్నింటిని నలగ్గొట్టకూడదు. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. పళ్లు, నాలుక, బుగ్గలు శుభ్రం చేయాలి, ఎందుకంటే నోట్లో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే న్యుమోనియా భయం అంత ఎక్కువ.

ఇదంతా ఆస్పత్రిలో నేర్పాలి నిజానికి. నేను చూసిన చోట్ల డిశ్చార్జి కాగితంలో "మెత్తటి ఆహారం" అని రెండు ముక్కలు రాసి పంపించేశారు. స్ట్రోక్ పేషెంటుకి మొదటి గుక్క ఇచ్చేముందే మింగగలరో లేదో పరీక్షించాలి, శిక్షణ ఇస్తే నర్సులే చేయగలరు, పెద్ద మెషీన్లేం అక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో జ్వరం, షుగర్, మింగడం ఈ మూడింటినీ నర్సులు పద్ధతిగా చూసుకుంటే చనిపోయినవాళ్లూ, ఇతరుల మీద ఆధారపడాల్సి వచ్చినవాళ్లూ కలిపి లెక్కేస్తే తగ్గారని 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. మన జిల్లా ఆస్పత్రుల్లో ఎందుకు కుదరదు? ఏటా అక్టోబర్ 29న ప్రపంచ స్ట్రోక్ దినం ర్యాలీలో టోపీలు పెట్టుకుని నడవడం మంచిదే, నేనూ నడుస్తాను, కానీ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు ఒక కాగితం ఇవ్వడం అంతకన్నా పనికొస్తుంది. అందులో రెండే అడగండి: వార్డు నర్సులకు మింగుడు పరీక్షలో శిక్షణ, వారానికి కొన్ని రోజులైనా స్పీచ్ థెరపిస్టు. కాపీ ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.