పాడ్‌కాస్ట్‌తో కస్టమర్లను తెచ్చుకోవడం ఎలా? ముందు వాళ్ళు అడిగిన ప్రశ్న రాసుకోండి

మాది విశాఖపట్నం, గోపాలపట్నంలో వాటర్‌ప్రూఫింగ్ పని. స్లాబు కారినా, బాత్రూం గోడ చెమ్మెక్కినా వెళ్ళి బాగుచేస్తాం. మూడేళ్ళ క్రితం పాడ్‌కాస్ట్, అంటే ఫోన్‌లో వినే ఆడియో కార్యక్రమం, మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తగా ఫోన్ చేసేవాళ్ళలో సగం మందికి పైగా ఏదో ఒక ఎపిసోడ్ విన్నాకే చేస్తున్నారు. అది చూసి ఎంవీపీ కాలనీలో క్యాటరింగ్ చేసే ఆవిడ, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే మిత్రుడు, ఆటోనగర్‌లో మోటార్లు రిపేర్ చేసే ఒక తమ్ముడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళూ మొదలుపెట్టారు, ముగ్గురివీ నడుస్తున్నాయి. ఎవర్నీ అడక్కుండా మొదలుపెట్టి ఐదారు ఎపిసోడ్లకే ఆపేసినవాళ్ళు మాత్రం నాకు తెలిసే చాలామంది ఉన్నారు. అందరూ చేసే తప్పు ఒక్కటే. ఏ మైకు కొనాలా అని పదిరోజులు బుర్ర బద్దలుకొట్టుకుంటారు, ఏం మాట్లాడాలన్నది రికార్డ్ బటన్ నొక్కాక ఆలోచిస్తారు.

సామాన్లు, గది

మీ ఫోన్ చాలు. కాలరుకు పెట్టుకునే వైరు మైకు ఒకటి కొనండి, వెయ్యి రూపాయలకు అటూఇటూగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డ్ చేయొద్దు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మన ఊళ్ళో ఇంకో బాధ ఉంది, ఉప్పుగాలికి మైకు పిన్ను తుప్పుపట్టి గరగరమంటుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి దాచుకోండి.

గదంటే స్టూడియో కాదు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి, వీపు వెనక ఒక పరుపు నిలబెట్టండి, ప్రతిధ్వని పోతుంది. ఆఫీసులో గాజు క్యాబిన్ అసలు వద్దు. ఫ్యానూ ఏసీ ఆపేయాలి, మే నెలలో అది నరకం కాబట్టి తెల్లవారుజామున 5 గంటలకు రికార్డ్ చేయండి. గొంతు కూడా అప్పుడే బావుంటుంది. ఆడాసిటీలో పొడుగాటి ఖాళీలు కత్తిరించి, లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (శబ్దం ఎంత గట్టిగా వినిపించాలో సరిచేసేది) అని ఉంటుంది, అందులో మైనస్ 16 పెట్టి, ఎంపీ3గా దించుకోండి. అంతకుమించి ఎడిటింగ్ జోలికి పోవద్దు.

ఫీడ్ మీ పేరునే ఉండాలి

పాడ్‌కాస్ట్‌లు పెట్టుకునే స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ సైటులో ఉచితంగా ఎక్కించుకోవచ్చు. అక్కడ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అని ఒక లింకు ఇస్తారు, మీ ఎపిసోడ్ల జాబితా అంతా అందులోనే ఉంటుంది. దాన్ని యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో, యూట్యూబ్‌లో ఒక్కసారి ఇస్తే చాలు, ఆ తర్వాత మీరు ఒకచోట ఎక్కించింది అన్నిచోట్లకీ దానంతటదే పోతుంది. కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెల్స్ చతురస్రంగా చేయించుకోండి, దాని మీద మీ ఫొటో కంటే మీరు చేసే పని పెద్దక్షరాల్లో ఉండాలి.

ఖాతా తెరిచే ఈమెయిల్ మాత్రం మీ సొంతదే పెట్టండి. నా మొదటి ఫీడ్ ఒక మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్ళు వాళ్ళ ఈమెయిల్‌తో తెరిచారు. వాళ్ళు కొట్టు కట్టేశాక ఫోన్ ఎత్తేవాడు లేడు, 11 ఎపిసోడ్లు నా చేతికి రాలేదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. 2024లో గూగుల్ వాళ్ళు తమ పాడ్‌కాస్ట్స్ యాప్ మూసేసినప్పుడు ఫీడ్ చేతిలో ఉన్నవాళ్ళకి మాత్రం ఏ నష్టమూ రాలేదు, మిగతా యాప్‌లలో యథాప్రకారం నడిచింది. యాప్‌లు వస్తాయి, పోతాయి. ఫీడ్ మన దగ్గర ఉండాలి.

అసలు పని ఇక్కడుంది: ప్రశ్న

ఇక్కడ తొందరపడకండి. పైన చెప్పినవన్నీ ఒక పూటలో అయిపోతాయి, ఇది నెలరోజులు పట్టినా పర్వాలేదు.

ఒక చిన్న నోట్‌బుక్ కొని జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకుంటే కుదరదు, కస్టమర్ ఎదురుగా ఫోన్ తీస్తే ఏదో మెసేజ్ చూసుకుంటున్నాడనుకుంటారు. నెలరోజులపాటు కస్టమర్ అడిగిన ప్రతి ప్రశ్నా వాళ్ళ మాటల్లోనే రాయండి, మీ భాషలోకి మార్చొద్దు. మాకు వచ్చే ఫోన్లలో "మా స్లాబుకు లీకేజీ సమస్య ఉంది" అని ఎవరూ అనరు. మర్రిపాలెం నుంచి ఒక పెద్దావిడ అన్న మాట నా నోట్‌బుక్‌లో ఇలాగే ఉంది: "బాబూ, హుద్‌హుద్ అప్పట్నుంచీ కారతంది. రెండేళ్ళకోపాలి సిమెంటు పాలు పోయిస్తన్నాం, మళ్ళీ అక్కడే నెర్రి ఇస్తంది. ఏటి చెయ్యమంటావు?"

ఇందులో ఒక ఎపిసోడ్‌కి కావలసినవన్నీ ఉన్నాయి. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, అంటే ఆవిడ అన్నేళ్ళుగా డబ్బు పోస్తూనే ఉంది. సిమెంటు పాలు (నీళ్ళలో పలచగా కలిపిన సిమెంటు) పోయించింది అంటే మేస్త్రీ మాట నమ్మింది. మళ్ళీ అక్కడే పగిలింది అంటే ఇప్పుడు ఎవర్నీ నమ్మే స్థితిలో లేదు. ఆవిడ అడుగుతున్నది వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని రకాలు అని కాదు, ఈసారైనా నా డబ్బు నిలబడుతుందా అని. ఇదే మాట ఇంకో నలుగురి నోట విన్నాననుకోండి, అప్పుడది ఎపిసోడ్ అవుతుంది. ఐదుగురు అడగని ప్రశ్న మీద ఎపిసోడ్ చేయొద్దు. ఇది నేను ఎవరికైనా పెట్టే షరతు, దీన్ని దాటినవాళ్ళు నా దగ్గరికి మళ్ళీ రాకూడదు.

ఎపిసోడ్ పేరు కూడా వాళ్ళ మాటే. "స్లాబు పగులుకు సిమెంటు పాలు పోస్తే ఎందుకు నిలవదు?" అని పెట్టాను. క్యాటరింగ్ ఆవిడ మొదట్లో "పెళ్ళి భోజనాల ప్లానింగ్, మొదటి భాగం" అని పెట్టింది, ఎవరూ వినలేదు. తర్వాత తన నోట్‌బుక్ చూసి "300 మందికి చెప్తే 400 మంది వస్తే వంట ఎలా సర్దుతారు?" అని చేసింది. ఆడపిల్ల తండ్రి ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచీ రాత్రిళ్ళు పడే టెన్షన్ అదే కదా, ఆ ఒక్క ఎపిసోడ్ విని వచ్చిన పెళ్ళిళ్ళు ఆవిడకు ఇంకా వస్తున్నాయి.

జవాబు దాచుకుంటే అంతే సంగతులు

ఇక రెండో సగం, ఎక్కువమంది పాడుచేసేది ఇదే. ప్రశ్న బాగానే పట్టుకుంటారు, పది నిమిషాలు చుట్టూ తిప్పి చివర్లో "పూర్తి వివరాలకు మా నంబరుకు కాల్ చేయండి" అంటారు. విన్నవాడికి ఒళ్ళు మండుతుంది. జవాబు మొత్తం చెప్పేస్తే ఇక మన దగ్గరికి ఎందుకొస్తారు అని భయం. ఆ భయం నాకూ ఉండేది, అందుకే ఎలా చెప్పానో వివరంగా చెప్తాను.

ఆ ఎపిసోడ్‌లో ఇలా చెప్పాను. స్లాబు పగలంతా ఎండకు సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. సిమెంటు పాలు గట్టిపడితే రాయే, అది సాగదు, అందుకే అదే గీత మీద మళ్ళీ చీలుతుంది. పగులును వి ఆకారంలో కోసి, శుభ్రంచేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చి, ఆ మీద వల పరిచి సాగే గుణమున్న కోటింగ్ వేయాలి. కారేచోటు వేరు, నీరు దిగేచోటు వేరు, కాబట్టి పిట్టగోడ స్లాబును కలిసే మూల, వాన నీళ్ళ గొట్టం మూతి ముందు చూసుకోండి. పని అయ్యాక ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూడకుండా మేస్త్రీకి ఆఖరి వాయిదా ఇవ్వొద్దు. ఇదంతా విని సొంతంగా చేసుకోగలిగేవాళ్ళు ఉంటారు, చేసుకోనివ్వండి. వాళ్ళు ఎలాగూ మన కస్టమర్లు కారు. మిగతావాళ్ళకి ఇది ఎంత పనో అర్థమవుతుంది, మనకు తెలుసనీ అర్థమవుతుంది.

దాంతో ఆగకుండా ఇంకో రెండు చెప్పాలి, అవి చెప్పనిదే నేను ఎపిసోడ్ ఎక్కించను. ఒకటి ధర. "సైట్ చూస్తే గానీ చెప్పలేం" అని తప్పించుకోవద్దు. చదరపు అడుగుకు ఇంత నుంచి ఇంత, తేడా ఎందుకు వస్తుందంటే పాత పూత గీకాలా వద్దా, ఎన్ని పూతలు వేయాలి, సామాను పైకి మోయడానికి లిఫ్ట్ ఉందా లేదా అని విప్పి చెప్పండి. ఏ నెలలో ఏ సంవత్సరంలో చెప్తున్నారో కూడా చెప్పండి. రెండోది, మన పని ఎవరికి అక్కర్లేదో చెప్పడం. స్లాబు కింద పెచ్చులు ఊడి కడ్డీలు కనిపిస్తుంటే పైన ఎంత పూత పూసినా దండగే, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తోందన్నమాట, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి అని నా నోటితో నేను చెప్పాను. బీచ్ రోడ్డు వైపు పాత ఇళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఆ ముక్క విని ఒకాయన ఫోన్ చేసి, పని వద్దన్నవాళ్ళు మీరొక్కరే, మా పెందుర్తి ఇంటి పని మీరే చేయండి అన్నారు.

ఒక జాగ్రత్త, ఉదాహరణ చెప్పేటప్పుడు ఇంటి పేరు, అపార్ట్‌మెంట్ పేరు బయటపెట్టొద్దు. ఒకసారి నేను అపార్ట్‌మెంట్ పేరు చెప్పేశాను. అమ్మకానికి పెట్టిన ఫ్లాట్ బేరం చెడిందని ఓనర్ బాధపడితే ఆ ఎపిసోడ్ తీసేసి మళ్ళీ రికార్డ్ చేశాను. ఆయన బాధ న్యాయమైనదే. లాయర్లు, సీఏలు అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పని కోసం ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నియమం చెప్తోంది, సీఏలకు 1949 నాటి చట్టంలో ఇలాంటి ఆంక్షలే ఉన్నాయి. మీరు విషయం మాత్రమే చెప్పండి, నా దగ్గరికి రండి అనే మాట వద్దు.

మాట్లాడేటప్పుడు

ఒక్కరే మాట్లాడండి. 12 నిమిషాలు దాటొద్దు, గోపాలపట్నం నుంచి జగదాంబ వెళ్ళేలోపు అయిపోవాలి. మొదట్లో మ్యూజిక్ వద్దు, మీ కంపెనీ చరిత్ర వద్దు, "నమస్కారమండీ" అని వెంటనే కస్టమర్ ప్రశ్న. స్క్రిప్ట్ మొత్తం రాసుకుని చదివితే వార్తలు చదివినట్టుంటుంది, ఐదు పాయింట్లు రాసుకుని, ఎదురుగా ఆ ప్రశ్న అడిగిన మనిషే కూర్చున్నట్టు చెప్పండి. నేనైతే మర్రిపాలెం ఆవిడతోనే మాట్లాడుతున్నాననుకుంటాను.

అతిథులను పిలవమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఇద్దరు వ్యాపారస్తులు కూర్చుంటే ఒకర్నొకరు పొగుడుకోవడంతోనే సరిపోతుంది, కస్టమర్ ప్రశ్న పక్కకు పోతుంది. రీల్స్ చేయొచ్చు కదా అంటారు, చేయండి, కానీ నిమిషంలో నవ్వించొచ్చు గానీ లక్ష రూపాయల పని అప్పగించేంత నమ్మకం నిమిషంలో రాదు. గొంతు పది నిమిషాలు చెవిలో పడితే మనిషి పరిచయమైనట్టే. చిన్నప్పుడు ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో వినిపించే గొంతులు మాకు ఇంట్లో మనుషుల్లాగే ఉండేవి, ముఖం ఎప్పుడూ చూడకపోయినా.

చివర్లో ఒకే ఒక్క పని చెప్పండి. లైక్ చేయండి, షేర్ చేయండి, వెబ్‌సైట్ చూడండి అని నాలుగు చెప్తే ఒక్కటీ చేయరు. మాది ఇది: "మీ స్లాబు మీద పగులు ఫొటో, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి తీసి వాట్సాప్‌లో పంపండి, చూసి చెప్తాను." బిళ్ళ ఉంటే పగులు వెడల్పు తెలుస్తుంది. వాళ్ళకీ శ్రమ ఉండదు, మాట కలుస్తుంది.

ఎవరికి పంపాలి

ముక్కూముఖం తెలియనివాళ్ళు వెతుక్కుంటూ వస్తారని కూర్చోవద్దు. మొదటి ఏడాది మీ శ్రోతలు మీకు ముందే తెలిసినవాళ్ళు, అంటే ఎస్టిమేట్ తీసుకుని ఏ మాటా చెప్పనివాళ్ళు. అందరికీ కలిపి పంపకండి, ఎవరు ఏ ప్రశ్న అడిగారో ఆ ఎపిసోడ్ ఒక్కటే వాళ్ళకి పంపండి, "మొన్న మీరడిగారు కదండీ, 4వ నిమిషం దగ్గర వినండి" అని ఒక వాక్యం రాసి. పెద్దవాళ్ళకైతే లింకు కాదు, ఆడియో ఫైలే పంపండి, లింకు నొక్కితే యాప్ వేసుకోమంటే భయపడి వదిలేస్తారు. సైట్ చూడ్డానికి వెళ్ళే ముందురోజు రాత్రి కూడా ఒకటి పంపుతాను. తెల్లారి వెళ్ళేసరికి వాళ్ళే పిట్టగోడ మూల చూపించి ఇక్కడేనా అని అడుగుతారు, బేరమాడటం సగం తగ్గిపోతుంది.

మనం చేసే పనికి సీజన్ ఉంటే దానికి నెలన్నర ముందు ఎక్కించండి. మావి ఏప్రిల్‌లో ఎక్కుతాయి, జూన్‌లో వానలు పడ్డాక స్లాబు ఆరదు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కోసం ఆగస్టు చివర్లో ఇంకో రెండు.

డౌన్‌లోడ్లు ఎన్ని అని రోజూ చూసుకోకండి. ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి, ఏ ఎపిసోడ్ విన్నారో అదే నోట్‌బుక్‌లో వెనక పేజీ నుంచి రాసుకోండి. మా సిమెంటు పాల ఎపిసోడ్ విన్నవాళ్ళు తక్కువే, పని మాత్రం దాని వల్లే ఎక్కువ వచ్చింది. ఏడాదికోసారి అలా పని తెచ్చిన ఎపిసోడ్లు తీసి, ధర ఉన్న ముక్క మళ్ళీ రికార్డ్ చేసి, పాత ఎపిసోడ్‌లోనే ఆడియో ఫైలు మార్చండి. కొత్తగా ఎక్కించొద్దు, పాత లింకు ఇప్పటికే ఎన్నో ఇళ్ళ వాట్సాప్‌లలో ఉంది.