మెటపొంటం కంకి నాణేన్ని పరీక్షించడం ఎలా

మెటపొంటం దక్షిణ ఇటలీలో టరంటో అఖాతం ఒడ్డున అకియన్ గ్రీకులు కట్టుకున్న వలస నగరం. దగ్గర్లో వెండి గనుల్లేవు, ఉన్నదల్లా మంచి పంట నేల. క్రీ.పూ. 550 ప్రాంతంలో స్టేటర్లనే గ్రీకు వెండి నాణేలు మొదలెట్టినప్పుడు వాటి మీద యవల కంకే వేసుకున్నారు. సేద్యంతో ఎంత కూడబెట్టారంటే, డెల్ఫీలోని అపోలో దేవుడి క్షేత్రానికి బంగారు పంటను కానుకగా పంపారని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

నాణెం చేతికి రాగానే వెనక్కి తిప్పండి. సుమారు క్రీ.పూ. 440 దాకా కొట్టినవాటిలో ముందు ఉబ్బెత్తుగా ఉన్న కంకి వెనక గుంటగా దిగి ఉంటుంది. ఒక్కో గుర్తూ విడిగా గుద్దిన మన విద్ధాంక నాణేలు చూసిన కంటికి ఇది వింతే. పైన, కింద వేరువేరు అచ్చులు పెట్టి కొట్టారు కాబట్టి ముందు అంచున పేనిన తాడు, వెనక అంచున పొట్టి గీతలు కనిపిస్తాయి. ఊరి పేరు అక్షరాలు మామూలుగా ముందే ఉంటాయి. అవే అక్షరాలు, అదే తాడు వెనక కూడా తిరగబడి ఉంటే, అంతకు ముందు కొట్టిన నాణెం అచ్చులో ఇరుక్కుపోయి జరిగిన పొరపాటు కావచ్చు, రేకు నొక్కిన నకిలీ కావచ్చు.

తర్వాత తూకం. 0.01 గ్రాముల కాటా మీద 8 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. తొలినాటివి పలచగా, సుమారు 29 మిల్లీమీటర్ల వెడల్పు; పోనుపోను చిన్నవై మందమయ్యాయి.

సాంద్రత చూడ్డానికి కాచి చల్లార్చిన నీళ్ళ గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి పూర్తిగా ముంచండి. అడుగుకు తగిలితే బరువు కాటా మీద పడి లెక్క చెడుతుంది. గుంటలో బుడగ చిక్కుకున్నా అంతే, సాంద్రత తక్కువొస్తుంది. కుంచెతో తుడిచి మళ్ళీ ముంచండి. 8.00 గ్రాముల నాణేనికి కాటా 0.76 చూపిస్తే 8.00 ÷ 0.76 = 10.5, అంటే మంచి వెండి. 0.86 చూపిస్తే 9.3, లోపల రాగి ఉందని అనుమానించాలి. పెళుసెక్కి పగిలిన పాత వెండీ కొంత తక్కువ చూపిస్తుంది, కాబట్టి అంచున ఆకుపచ్చటి చిలుము కోసం కూడా వెతకండి.

గీటురాయి మీద గీయకండి. చింతపండుతో తోమడం ఇంట్లో వెండి గిన్నెలకే.

చివరగా భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు. మందపాటి స్టేటర్లలో కొన్ని ఇతర నగరాల నాణేల మీదే మళ్ళీ కొట్టినవి. కంకి పక్కన ఖాళీలో అర్థంకాని వంపు కనిపిస్తే గీత అనుకుని వదిలేయకండి. అది గ్రీకు నగరం కొరింథు నాణెం మీది రెక్కల గుర్రం పెగాసస్ రెక్క కావచ్చు. గనుల్లేని ఊరికి వెండి ఎటునుంచి వచ్చిందో అక్కడే దొరుకుతుంది.